నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం, 250 మెగాబైట్లు: రోజూ అమ్మతో మాట్లాడటానికి సరిపోతాయా?

పర్లాకిమిడి టీచరు

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. 31 ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పి నిరుడు రిటైరయ్యాను. మా అబ్బాయి సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే నెల నన్నూ మావారినీ పిలిపించుకుని నాలుగు రాత్రుల విహార నౌక ఎక్కిస్తానంటున్నాడు. సింగపూర్‌లో బయలుదేరి మలేషియాలో పెనాంగ్, థాయ్‌లాండ్‌లో ఫుకెట్ చూసుకుని మళ్ళీ సింగపూర్ చేరుతుంది.

నా బెంగంతా మా అమ్మ గురించే. ఆమెకు 84 ఏళ్ళు. మేము లేని రోజుల్లో చెల్లెలు వచ్చి తోడుంటుంది. అయినా సంధ్యాదీపం పెట్టాక నా గొంతు వినకపోతే అమ్మ అన్నం ముట్టదు. మొన్న శ్రీకాకుళంలో పెళ్ళికి వెళ్ళి ఒక్క రాత్రి ఫోను చేయలేకపోయాను. ఆ రాత్రి మజ్జిగ తాగి పడుకుందట.

ఓడవాళ్ళు పంపిన కాగితంలో ఇంటర్నెట్టుకు రెండు ధరలు ఉన్నాయి. ఒకటి రోజు లెక్క, ఎంతైనా వాడుకోవచ్చు. రెండోది ప్రయాణం మొత్తానికి 250 మెగాబైట్లు. మొదటిదే తీసుకుందాం అంటాడు అబ్బాయి. ఆ ధర చూస్తే నాకు మనసు ఒప్పడం లేదు. కాని ఇంట్లో రోజుకు ఒకటిన్నర జీబీ ఇట్టే అయిపోతుంది, 250 మెగాబైట్లు అందులో ఆరో వంతు. వాటితో నాలుగు రాత్రులు నెట్టుకురాగలనా?

ఇంకో సందేహం. రోమింగ్ ఛార్జీలు ఉన్న రోజుల్లో మా డాబా ఎక్కితే చాలు, ఫోను ఒడిశా టవరును వదిలేసి సరిహద్దు అవతల పాతపట్నం వైపు ఆంధ్రా టవరును పట్టుకునేది. సొంత ఇంట్లో నిలబడి పొరుగు రాష్ట్రంలో ఉన్నట్టు డబ్బు కట్టేవాళ్ళం. ఓడలో కూడా ఫోను అలా చేస్తుందా?

బరంపురం నావికుడు

టీచరుగారూ, నమస్కారం. విహార నౌకల్లో 11 ఏళ్ళు గదుల పని చేసి 2019లో బరంపురం వచ్చేశాను. మీరు చివర అడిగిన సందేహమే అన్నిటికన్నా ముఖ్యమైనది. ముందు దానికే జవాబు చెబుతాను.

చేస్తుంది. ఓడలో ఇంటర్నెట్టుకు రెండు దారులు ఉంటాయి. మీ కాగితంలో ఉన్నది వైఫై. అది కాకుండా చాలా ఓడల్లో సొంత మొబైల్ టవరు ఒకటి ఉంటుంది. తీరం వదిలి దాదాపు 12 నాటికల్ మైళ్ళు, అంటే 22 కిలోమీటర్లు దాటాక దాన్ని పనిచేయిస్తారు, రేవు దగ్గరపడేసరికి ఆపేస్తారు. నేల మీది టవర్లు అందని చోట ఫోను ఊరుకోదు, వెతుకుతూనే ఉంటుంది. ఓడ టవరు దొరకగానే మిమ్మల్ని అడగకుండా అతుక్కుంటుంది. ఫోను తెర మీద మీ కంపెనీ పేరుకు బదులు 901తో మొదలయ్యే అంకెలు కనిపిస్తే అది ఓడ టవరే అనుకోండి. మలేషియాకూ థాయ్‌లాండ్‌కూ తీసుకునే రోమింగ్ ప్యాకు ఆ దేశాల నేల మీది టవర్లకు. ఓడ టవరుకు మామూలుగా అది చెల్లదు. దాని ధరలు వేరు, ప్యాకులు వేరు.

అందుకని ఓడ ఇంకా రేవులో ఉండగానే ఫోనులో విమానం బొమ్మ ఉన్న మీట నొక్కండి. ఆ తరువాత వైఫై ఒక్కటే మళ్ళీ తెరవండి. మీవారి ఫోనుకూ అలాగే చేయండి. ఒక ఫోను జాగ్రత్త చేసి రెండోదాన్ని మరచిపోయినవాళ్ళను చాలామందిని చూశాను. సిమ్ము పనిచేయకపోయినా వాట్సాప్ మీ పాత నంబరుతోనే వైఫై మీద నడుస్తుంది. మీ అమ్మగారికి మీ పేరే కనిపిస్తుంది.

ఇక 250 సంగతి. మాట్లాడటానికి ధారాళంగా సరిపోతాయి. మనిషి వాడేది తక్కువ, ఫోను తనంతట తాను వాడుకునేది ఎక్కువ. ముఖ్యంగా ఫొటోలు. మీరు డెక్కు మీద, అంటే ఓడ పై అంతస్తు ఆరుబయట, సూర్యాస్తమయం 40 ఫొటోలు తీస్తారు, గదికి వచ్చి వైఫై తెరుస్తారు, అమ్మకు ఫోను కలుపుతారు. మీరు మాట్లాడుతున్నంతసేపూ ఆ 40 ఫొటోలూ వెనకనుంచి గూగుల్ ఖాతాకు ఎక్కుతూ ఉంటాయి. వైఫై అంటే ఇంట్లోలా ఉచితం అని ఫోను నమ్మకం. ఓడ వైఫై ఉచితం కాదని మనమే దానికి చెప్పాలి. ఆండ్రాయిడ్‌లో ఆ వైఫై పేరు మీద నొక్కితే దాన్ని మీటరు ఉన్న కనెక్షనుగా గుర్తించమనే వీలు ఉంటుంది. ఐఫోనులో తక్కువ డేటా పద్ధతి అని ఉంటుంది. ఇవి చేసినా సరే, ఫొటోల బ్యాకప్పును, యాప్‌ల అప్‌డేట్లను విడిగా ఆపేయండి. వాట్సాప్‌లో ఫొటోలు, వీడియోలు వాటంతట అవే దిగకుండా ఆపండి. పొద్దున్నే బంధువుల గుంపుల్లో వచ్చే శుభోదయం బొమ్మలు నాలుగు రోజులు ఆగినా ఎవరూ నొచ్చుకోరు.

బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. వాట్సాప్ సెట్టింగుల్లో ఎంత డేటా ఖర్చయిందో చూపే పేజీ ఉంది. దాన్ని సున్నా చేసి, మీ చెల్లెలితో 10 నిమిషాలు మామూలు కాల్, తరువాత 10 నిమిషాలు వీడియో కాల్ మాట్లాడి అంకెలు రాసుకోండి. ఎవరి మాటా నమ్మనక్కరలేదు, మీ ఫోను లెక్క మీ చేతిలో ఉంటుంది.

మాట్లాడటం అయ్యాక ఫోను జేబులో పెట్టేయకండి. ఓడవాళ్ళ పేజీలోకి వెళ్ళి లాగౌట్ నొక్కి, ఆ తరువాత వైఫై కట్టేయండి. నేను చేరిన కొత్తలో సిబ్బందికి నిమిషాల లెక్కన ఇంటర్నెట్టు కార్డులు అమ్మేవారు. ఇంటికి రాయాల్సిన ఉత్తరాన్ని పని అయ్యాక బంకు మీద, అంటే సిబ్బంది గదిలో నా పడక మీద, కూర్చుని నోటు పుస్తకంలో ముందే రాసుకునేవాణ్ణి. తరువాత కంప్యూటర్ దగ్గరకు వెళ్ళి గబగబా కొట్టి పంపి బయటికి వచ్చేసేవాణ్ణి. లాగౌట్ మరచిపోయిన రోజు కార్డులో మిగిలిన నిమిషాలన్నీ తెల్లారేసరికి కారిపోయేవి. ఆ దుఃఖం ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాట ఆలస్యంగా వినిపిస్తే కంగారు పడకండి. పాత పద్ధతి ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. మన మాట అంత ఎత్తుకు వెళ్ళి దిగి, జవాబు మళ్ళీ అలాగే రావాలి. అర సెకనుకు పైనే పడుతుంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఇద్దరూ ఆగిపోతారు. ఇప్పుడు చాలా ఓడలు 500 కిలోమీటర్లకు అటూ ఇటూ ఎత్తులో తిరిగే స్టార్‌లింక్ ఉపగ్రహాలకు మారాయి, వాటితో ఈ బాధ లేదు. మీ ఓడలో ఏది ఉందో అబ్బాయిని అడగమనండి. పాతదైతే, ఒకరు పూర్తిగా చెప్పాకే రెండోవారు అందుకోవాలని అమ్మగారికి ముందే నేర్పండి.

మా తాతయ్య గోపాల్‌పూర్ రేవులో ఓడ ఎక్కి రంగూన్ వెళ్ళాడు. ఆయన క్షేమంగా చేరాడన్న ఉత్తరం వచ్చేదాకా నాయనమ్మ రోజూ వీధి అరుగు మీదే కూర్చునేదట. మీరు అమ్మగారి అన్నం గురించి రాసింది చదివితే నాకు ఆవిడే గుర్తుకొచ్చింది.

గుణుపురం వాసి

పై పెద్దమనిషి చెప్పిన ఓడ టవరు మాట అక్షరాలా నిజం. నేను అనుభవించాను. మూడేళ్ళ క్రితం ముంబయి నుంచి లక్షద్వీపాలకు ఓడలో వెళ్ళాం. మన దేశంలోనే కదా అనుకుని ఫోను మామూలుగానే ఉంచాను. అంతకుముందు ఏడాది దుబాయి వెళ్ళినప్పుడు పెట్టించుకున్న అంతర్జాతీయ రోమింగ్ తీయించలేదు. ఒక్క రాత్రి, నేను నిద్రలో ఉండగా, ఫోను ఓడ టవరు పట్టుకుని తన పనులన్నీ చక్కబెట్టుకుంది. ఆ నెల బిల్లులో 11,000 రూపాయల పైచిలుకు అదనం. రెండు నెలలు తిరిగితే సగం తగ్గించారు. దేశం దాటకపోయినా ఓడ టవరు విదేశం కిందే లెక్క అని అప్పుడు తెలిసింది.

జయపురం సోదరి

టీచరుగారూ, రోజూ ఏదో ఒక రేవు ఉంది కదా, అసలు ఓడ వైఫై ఎందుకు? పెనాంగ్‌లో ఓడ స్వెటెన్‌హామ్ పియర్ అనే రేవులో ఆగితే దిగగానే జార్జ్‌టౌన్ ఊళ్ళోనే ఉంటారు. నేల మీద రోమింగ్ ప్యాకుతో తీరికగా వీడియోలో మాట్లాడుకోవచ్చు. డబ్బు మిగులుతుంది. ఇంకొకటి, విమానం మీట నొక్కి ఉంటే బ్యాంకు ఓటీపీ సందేశాలు రావు. కట్టాల్సినవన్నీ ముందే కట్టేయండి.

బరంపురం నావికుడు

ఓటీపీ మాట చాలా మంచిది, నేను మరచిపోయాను. వైఫై అక్కరలేదన్నది మాత్రం ఈ ప్రయాణానికి కుదరదు చెల్లెమ్మా. ఓడలు మామూలుగా పొద్దున రేవుకు వచ్చి సాయంత్రానికి బయలుదేరతాయి. అక్కడ మధ్యాహ్నం మాట్లాడితే మనకు అప్పటికి పొద్దే. అమ్మగారికి కావలసింది దీపం పెట్టాక. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇక్కడ ఏడు గంటలంటే అక్కడ తొమ్మిదిన్నర, ఓడ నడిసముద్రంలో ఉంటుంది. పైగా దిగే ముందు రోజంతా సముద్రమే. ఒక ఫోనుకు 250 కొని, ఫొటోలు పంపడం లాంటి బరువు పనులు రేవులో చేసుకోవడం సబబు.

ఒకటి గుర్తుంచుకోండి. థాయ్‌లాండ్ గడియారం సింగపూర్ కన్నా ఒక గంట వెనక. రేవులో ఫోను తెరిస్తే అది ఆ దేశపు సమయానికి మారిపోతుంది. ఓడ ఏ సమయం పాటిస్తుందో అడిగి, చేతి గడియారాన్ని దానికే పెట్టుకోండి.

పర్లాకిమిడి టీచరు

అయిదు వారాల తరువాత రాస్తున్నాను. వెళ్ళి వచ్చాం. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఇంకొకరికి పనికొస్తుంది.

ముందు ఇంట్లో పరీక్ష. 10 నిమిషాల మామూలు కాల్‌కు 5 మెగాబైట్లు, వీడియోకు 64 అయ్యాయి. ఈ రెండు అంకెలు చూశాక సగం భయం పోయింది. తమ్ముడూ, మీరు చెప్పినవాటిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది ఇదే. 250 కొన్నాం, నా ఫోనుకు.

మొదటి రాత్రే దెబ్బ తగిలింది. నా ఫోనులో అన్నీ ఆపాను. కాని అమ్మతో మాట్లాడాక లాగౌట్ చేసి, అవే వివరాలతో మావారి ఫోనులో కలిపాం, ఆయన తన తమ్ముడికి ఒక్క మాట చెబుతానంటే. ఆయన ఫోనులో బ్యాకప్పు ఆపలేదు. సాయంత్రం ఓడ కదిలేటప్పుడు ఆయన తీసిన వీడియో ఎక్కడం మొదలైంది. పావుగంటలో 92 మెగాబైట్లు పోయాయి. రెండో ఫోనును మరచిపోవద్దని మీరు రాసిన వాక్యం నేను రెండుసార్లు చదివాను, విమానం మీటకే అనుకున్నాను. మావారు ఆ రాత్రి చాలా నొచ్చుకున్నారు. మీ తప్పు కాదని చెప్పి, ఆయన ఫోను కూడా అక్కడే కూర్చుని సరిచేశాను.

ఆ తరువాత పొదుపు కష్టమనిపించలేదు. పగలంతా చెప్పాలనుకున్నవి వాట్సాప్‌లో గొంతు సందేశాలుగా పలికి ఉంచేదాన్ని. వైఫై లేకపోయినా అవి ఫోనులో నిలబడి ఉంటాయి, రాత్రి కలపగానే వాటంతట అవే వెళ్ళిపోతాయి. అమ్మ వాటిని మర్నాడు పొద్దున మళ్ళీ పెట్టించుకుని వినేదట. కాల్ అయితే ఒకసారే. ఈ లాభం నేను ఊహించలేదు. రేవుల్లో రోమింగ్ ప్యాకు మీద ఫొటోలు పంపాను, రెండు ఊళ్ళలోనూ బాగా పనిచేసింది. ఫుకెట్‌లో ఓడ దూరంగా ఆగి చిన్న పడవల్లో ఒడ్డుకు చేర్చారు. ఆ పడవలో అందరూ ఫోన్లు తెరిచారు. నేను మాత్రం నేల మీద అడుగు పెట్టేదాకా మీట తీయలేదు.

ఓడవాళ్ళ యాప్‌ను ఇంట్లోనే దింపుకుని వెళ్ళండి. భోజనాల వేళలు, గదుల పటం అన్నీ ప్యాకు కొనకుండానే ఓడ వైఫై మీద చూసుకోవచ్చు, మా ఓడలో వాటికి ఒక్క మెగాబైటు కూడా తగ్గలేదు.

చివరి రాత్రి 141 మిగిలాయి. మామూలు కాల్ చాలు అనుకున్నాను. కాని చెల్లెలు ఫోను ఎత్తగానే, అమ్మ సముద్రం చూస్తానంటోంది అంది. ఫోను పట్టుకుని డెక్కు మీదికి వెళ్ళి వీడియో పెట్టాను. చీకట్లో నీళ్ళు ఏమీ కనబడలేదు. ఓడ దీపాల వెలుగులో తెల్లటి నురుగు ఒక్కటే కనబడింది. అమ్మ చూసి, ఇంత రాత్రప్పుడు అంచు దగ్గర నిలబడకు, లోపలికి పో అంది. 8 నిమిషాలు మాట్లాడాం, 54 మెగాబైట్లు.

జయపురం సోదరి

అమ్మగారు ఆ నాలుగు రాత్రులూ భోంచేశారా?

పర్లాకిమిడి టీచరు

చేసింది తల్లీ. మూడో రాత్రి ఓడ వైఫై పావుగంట కలవలేదు. విస్తరి ముందు కూర్చుని ఎదురుచూసిందట. తొమ్మిది ముప్పావుకు కలిసింది, ఇక్కడి లెక్కన ఏడుంబావు.