పాత మోరో ఈటె: అసలుదేనా, ఎలా తెలుస్తుంది?

ప్రశ్న:
నేను ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఉంటాను. ఇక్కడ పాత వస్తువులు అమ్మే ఒకాయన దగ్గర ఒక ఈటె చూశాను. సులు ద్వీపాల నుంచి వచ్చిన బుడియాక్ (ఇక్కడి దక్షిణాది ముస్లింలైన మోరోల ఈటె) అని, స్పెయిన్ వాళ్ల కాలంనాటిదని అంటున్నాడు. అలుగు పొడవాటి ఆకులా ఉంది, కింద ఇత్తడి పొన్ను. కర్ర మాత్రం నాలుగడుగులు కూడా లేదు, చివర రంపంతో కోసినట్టుంది. అలుగు పట్టుకుని కదిపితే కాస్త ఊగుతోంది. 14 వేల పెసోలు చెప్తున్నాడు. కొనొచ్చా? ఇంటికి తెచ్చాక తుప్పు ఎలా వదిలించాలి? తర్వాత ఇండియాకి తీసుకెళ్లాలని నా కోరిక.

జవాబు 1:
చాలా ఏళ్లుగా మిందనావో (దవావో ఉన్న ద్వీపం) ఆయుధాలు సేకరిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెప్తాను.

కర్ర పొట్టిగా ఉందని వదిలేయకండి. 1899 నుంచి 1913 దాకా మోరోలతో పోరాడిన అమెరికన్ సైనికులు ఇలాంటి ఈటెలను గుర్తుగా ఇంటికి పట్టుకెళ్లారు, పెట్టెలో పట్టడానికి కర్రలు కోసేశారు. అయితే మీరు చూసింది దవావోలోనే ఉంది కదా, అందుకే కోసిన చోటు చూడండి. మిగతా కర్రంతా నల్లబడి అక్కడ మాత్రం లేతగా ఉంటే అది ఈమధ్య కోసిందే. కర్ర పుచ్చిపోతే మార్చడం కూడా మామూలే కాబట్టి కర్రను బట్టి వయసు చెప్పలేం.

అలుగు ఊగడం చూసి టెన్షన్ పడకండి, నాకైతే అది మంచి అవకాశంలా కనిపిస్తోంది. అలుగు కింద సన్నని తోక ఉంటుంది, దాన్ని కర్ర రంధ్రంలో దించి జిగురుతో బిగిస్తారు. పాత జిగురు ఎండి పొడైపోతే ఇలాగే వదులవుతుంది. అమ్మే ఆయన ఒప్పుకుని, అది దానంతటదే పైకొస్తేనే తీయించి చూడండి, బలవంతంగా లాగొద్దు. సుత్తితో సాగదీసిన తోక ఎగుడుదిగుడుగా, మెల్లగా సన్నబడుతూ ఉంటుంది. గ్రైండర్ గీతలో, వెల్డింగ్ మచ్చో కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

తర్వాత అలుగును వెలుతురుకు ఏటవాలుగా పట్టండి. ఇనుమూ ఉక్కూ మడతలు పెట్టి కలిపి కొట్టిన మంచి అలుగుల్లో పొరలు సన్నటి గీతల్లా కనిపిస్తాయి. అవి అలుగు ఆకారాన్ని బట్టే సాగుతాయి. యాసిడ్‌తో పైపైన వేసినవి అంచు దగ్గర ఉన్నట్టుండి ఆగిపోతాయి. గీతలు లేనంత మాత్రాన నకిలీ అనుకోకూడదు. అదే తెల్లగా మెరిసే నికెల్ గీతలుంటే మాత్రం జావా ఈటె అయ్యే అవకాశం ఎక్కువ. దవావో చుట్టుపక్కల ఉండే బగోబో అనే తెగ వాళ్ల ఈటెలకూ మోరో అని పేరు పెట్టి అమ్మేస్తుంటారు. ఆ జాతికి దక్కాల్సిన పేరు పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తుప్పు విషయంలో ఒక్కటే బతిమాలతాను. గరుకు కాగితం, నిమ్మరసం, వెనిగర్ ఏవీ తాకించకండి. మెత్తటి గుడ్డతో తుడిచి, పల్చగా నూనె రాస్తే చాలు.

జవాబు 2:
ఇండియాకి తీసుకెళ్లడం అంత సులువు కాదండీ. 2010లో వచ్చిన ఫిలిప్పీన్స్ వారసత్వ సంపద చట్టం (రిపబ్లిక్ చట్టం 10066) సుమారు వందేళ్ల వయసున్న వస్తువుల్ని పురాతన వస్తువులుగా చూస్తుంది. అలాంటివి దేశం దాటించాలంటే ముందు అనుమతి కావాలి. దాన్ని 2023లో మరో చట్టంతో సవరించారు కూడా. కొనక ముందే మనీలాలోని నేషనల్ మ్యూజియం వాళ్లను అడగండి. అమ్మే ఆయన 'నేను చూసుకుంటా' అన్నా కాగితం చేతికొచ్చేదాకా నమ్మొద్దు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా, థాంక్స్ అండీ. మళ్లీ వెళ్లినప్పుడు అలుగు తీయించి ఫొటోలు పెడతాను. ఎవరి దగ్గర కొన్నాడో అడిగితే మాట దాటేశాడు. అది అంత ముఖ్యమా?

జవాబు 1:
అన్నిటికంటే అదే ముఖ్యం. 2017లో మిందనావోలోని మరావి నగరంలో అయిదు నెలలు యుద్ధం జరిగింది. వదిలి వెళ్లిన ఇళ్లను దోచుకున్నారు, తరతరాల సొత్తు పోయింది. ఏ ఊరు, ఏ కుటుంబం, ఎప్పుడు చేతులు మారింది అన్నది రాతపూర్వకంగా అడగండి. ఇవ్వనంటే ఈటె ఎంత అసలుదైనా వదిలేయండి. నేనైతే కొనను.