హెచ్‌ఐవీ మాత్రలు మానేస్తున్న కుర్రాడికి కొద్ది విడతల కౌన్సెలింగ్ ఎక్కడ దొరుకుతుంది?

నమస్కారం. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర పల్లె. మా అక్క కొడుకుకి 19 ఏళ్లు, పుట్టుకతోనే హెచ్‌ఐవీ. ఇన్నేళ్లూ ఏఆర్‌టీ మందులు (హెచ్‌ఐవీని అదుపులో ఉంచేవి) తప్పకుండా వేసుకున్నవాడు, డిగ్రీలో చేరి హాస్టల్‌కి వెళ్లాక వదిలేస్తున్నాడు. గలగల వినిపించకుండా సీసాలో దూది కుక్కాడు, లేబులు గీకేశాడు. సెలవులకు వచ్చినప్పుడు చూస్తే మాత్రలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. రోజుకు ఒక్కటే, డోలుటెగ్రావిర్ అనే మందు కలిసినది. కష్టం మింగడంలో లేదు. తిండి సయించదు, నిద్ర పట్టదు, "ఎన్నాళ్లు పిన్నీ ఇలా" అంటాడు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను, లేదన్నాడు.

"ధైర్యంగా ఉండు" అనే మా ఆయన సలహా వింటేనే లేచి వెళ్లిపోతాడు. నాకూ ఆ మాట మీద నమ్మకం లేదు.

జింబాబ్వేలో శిక్షణ పొందిన అవ్వలు బల్ల మీద పక్కన కూర్చోబెట్టుకుని, కొద్ది విడతల్లోనే ఒక్కో సమస్యనూ విడదీసి దారి వెతికిస్తారట. హెచ్‌ఐవీతో పెరిగిన యువతే అక్కడ తమ ఈడువాళ్లకు తోడుంటారట. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖల్లో ఇలాంటి సాయం ఎవరికైనా దొరికిందా? ఏఆర్‌టీ కేంద్రంలో కౌన్సెలర్ మంచివారే, కానీ వెనక అంత వరుస నిలబడి ఉంటే ఎంతసేపని మాట్లాడతారు?

టెలీ మానస్ (మానసిక సాయానికి ప్రభుత్వ ఫోన్ లైను) 14416కు ఫోను చేసినవారు చెప్పండి, మళ్లీ చేస్తే అదే మనిషి దొరుకుతారా? వార్డెన్‌కు చెప్పమని మాత్రం అనకండి. వాడు ఒప్పుకోడు, ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ సంగతి బయటపెట్టకూడదనే 2017 హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం కూడా వాడి పక్షమే.