యూరియా ద్రావణంలో ఎర్ర రక్తకణాలు ఎందుకు పగులుతున్నాయి?

ప్రశ్న:
0.9% ఉప్పునీళ్లలో ఎర్ర కణాలు చెక్కుచెదరడం లేదు. యూరియా కూడా లెక్కకట్టే కలిపాం, 100 మి.లీ.కి 1.8 గ్రాములు, అంటే 0.3 మోలార్. ఆస్మోలారిటీ (కరిగిన రేణువుల మొత్తం గాఢత) రెంటికీ 300 మిల్లీఆస్మోల్ దగ్గరే. అయినా రక్తం చుక్క వేసిన కొద్ది సెకన్లకే యూరియా ట్యూబు తేటపడిపోతోంది. తూకంలో తేడా వచ్చిందంటారా?

జవాబు 1:
తూకం సరిగ్గానే ఉందండీ. కణం ఉబ్బకుండా ఆపేది పొర దాటలేక బయటే ఉండిపోయే పదార్థం మాత్రమే. సోడియం అలా ఉండిపోతుంది, క్లోరైడ్‌నూ తనతో పట్టి ఉంచుతుంది. యూరియా అలా కాదు, లోపలికి దూరిపోతుంది. లోపలున్న హీమోగ్లోబిన్, పొటాషియం ఎక్కడివక్కడే. వాటికి యూరియా తోడయ్యేసరికి వెనకే నీళ్లూ వస్తాయి, కణం ఉబ్బి పగులుతుంది. అంటే కణం లెక్కలో యూరియా ద్రావణం డిస్టిల్డ్ వాటరే.

నమ్మకం కుదరకపోతే అదే 1.8 గ్రాముల యూరియాను 0.9% ఉప్పునీళ్లలో కరిగించి చూడండి. ఆస్మోలారిటీ రెట్టింపైనా కణాలు క్షణం ముడుచుకుని మళ్లీ మామూలుకొస్తాయి, పగలవు.

జవాబు 2:
ఎరుపు చూసి తేల్చకండి, ఎరుపు రెండు ట్యూబుల్లోనూ ఉంటుంది. 5 మి.లీ.కి ఒక్క చుక్కే వేసి, ట్యూబు వెనక అచ్చుకాగితం పట్టుకోండి. అక్షరాలు చదవగలిగితే కణాలు పగిలినట్టే. అనుమానముంటే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి: పగలనివైతే అడుగున ఎర్రటి ముద్ద, పైన రంగులేని నీరు.

ఇంకోటి, యూరియా కరిగేటప్పుడు వేడి పీల్చుకుంటుంది. ట్యూబు పట్టుకుంటే చల్లగా తగులుతుంది. గది ఉష్ణోగ్రతకు వచ్చాకే రక్తం వేయాలి, లేకపోతే సెకన్ల లెక్క తప్పుతుంది. పక్కన 0.3 మోలార్ గ్లిసరాల్ పెట్టండి, పగులుతాయి గానీ కాస్త నిదానంగా. చక్కెరలో (సుక్రోజ్, 100 మి.లీ.కి 10.3 గ్రాములు) పగలవు.

జవాబు 3:
"యూరియా చిన్న అణువు కాబట్టి జారిపోతుంది" అని రాసేస్తుంటారు, అది సగం నిజం. ధ్రువ అణువు (నీళ్లతో కలిసేది, కొవ్వుతో కలవనిది) కదా, కొవ్వు పొరలోంచి దాని నడక నెమ్మది. ఎర్ర కణంలో దానికి యూటీ-బీ అనే ప్రత్యేక ప్రోటీన్ దారి ఉంది. గాఢత ఎక్కువున్న వైపు నుంచి తక్కువ వైపుకే కాబట్టి ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు లేదు. కిడ్ అనే రక్తవర్గాన్ని తేల్చే గుర్తులు (యాంటిజెన్లు) ఉండేది ఈ ప్రోటీన్ మీదే. అది లేనివాళ్ల కణాలు 2 మోలార్ యూరియాలోనూ చాలాసేపు నిలుస్తాయి, అలాంటి రక్తాన్ని పట్టుకోవడానికి వాడే పరీక్ష ఇదే.

ప్రశ్న అడిగినవారు:
మరి సోడియం కూడా కొంచెం కారుతుంది కదా? ఉప్పునీళ్లలో ఎందుకు పగలవు?

జవాబు 1:
కారినదాన్ని కణపొరలోని సోడియం-పొటాషియం పంపు తోడేస్తుంది: ఒక్కో ఏటీపీకి 3 సోడియంలు బయటికి, 2 పొటాషియంలు లోపలికి. ఔబైన్ అనే విషం వేస్తే పంపు ఆగుతుంది. కానీ ఎర్ర కణంలో ఆ కారుడు చాలా తక్కువ, ఉబ్బడానికి గంటలు పడుతుంది. పది నిమిషాలు చూసి "ఔబైన్ పనిచేయలేదు" అని రాసేయకండి.