‘ఏలనేరక పోయినయెడల’ – 1 తిమోతి 3:5లో పాలించడం అంటే ఏమిటి?

అందరికీ వందనాలు. "ఎవడైనను తన యింటివారిని ఏలనేరక పోయినయెడల అతడు దేవుని సంఘమును ఏలాగు పాలించును?" అనే బైబిల్ వచనం గురించి అడుగుతున్నాను, ముఖ్యంగా ఆ చివరి ‘పాలించును’ గురించి. మాది చెన్నై, పెరంబూరు వైపు ఒక తెలుగు సంఘం. మా పాస్టరు అయ్యగారి అబ్బాయి తాగుడులో పడి ఇల్లు వదిలి వెళ్ళిపోతే, "కొడుకునే అదుపులో పెట్టుకోలేనివాడు మమ్మల్నేం పాలిస్తాడు" అని కమిటీలో ఈ వచనమే చదివి ఆయన్ని దిగిపొమ్మన్నారు. ఆ తల్లిదండ్రులు రాత్రిళ్ళు పడుకుంటున్నారా, తిన్నారా అని అడిగినవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

పాలించడం అంటే మనకిప్పుడు ప్రభుత్వం, అధికారం, కుర్చీ. కానీ పిల్లల ఆలనాపాలనా అంటాం కదా, అక్కడ కుర్చీ ఎక్కడుంది? సంస్కృతంలో కూడా ఆ ధాతువుకి కాపాడడం అనే అర్థముంది. గ్రీకులో చూస్తే ఇంకా తేటగా ఉంది, ‘ఎపిమెలెయోమై’ అనే ఆ క్రియ కొత్త నిబంధన మొత్తంలో ఇక్కడా, లూకా 10లో మంచి సమరయుడి కథలోనూ తప్ప ఇంకెక్కడా లేదు. దెబ్బలు తిని దారిలో పడి ఉన్నవాడి గాయాలు కట్టి, పూటకూళ్ళ ఇంటికి తీసుకెళ్ళి సమరయుడు ఏం చేశాడో, అదే పని. మన బైబిల్లో అక్కడ "అతని పరామర్శించెను" అని పెట్టారు, ఇక్కడ "పాలించును" అని పెట్టారు, అందుకే రెండూ ఒకటేనని తెలుగు చదివేవాడికి తట్టదు. (పరామర్శ కూడా ఇప్పుడు నాయకులు ఫోటోలు దిగి వెళ్ళిపోయే కార్యక్రమం అయిపోయిందనుకోండి, అది వేరే గొడవ.) మా యూత్‌లో తమిళం చదివే పిల్లలు వాళ్ళ బైబిల్ తీస్తే ఇదే చోట "ఎప్పడి విసారిప్పాన్" అని ఉంది. నలం విసారిక్కిఱదు అంటే ఇక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు, బాగోగులు కనుక్కోవడం.

‘ఏలడం’ కూడా ఒట్టి పెత్తనమేం కాదు. "పెళ్ళాన్ని ఏలుకోవట్లేదు" అని మన ఊళ్ళల్లో అంటే ఆమె మీద అజమాయిషీ చెయ్యట్లేదని ఎవరూ అనుకోరు, పట్టించుకోకుండా వదిలేశాడనే అనుకుంటారు. ఆ ‘నేరక’ కూడా చూడండి, ‘నేర్చు’, ‘నేర్పు’ల చుట్టమే, గ్రీకులోనూ ‘తెలియకపోతే’ అనే ఉంది. ఎలా చూసుకోవాలో తెలియకపోవడం ఒకటి, తెలిసి, చేతనైనదంతా చేసినా ఎదిగిన కొడుకు మాట వినకపోవడం ఇంకొకటి.

దీని మీద ఒక అన్న, "నాలుగో వచనంలో పిల్లలను స్వాధీనపరచుకొనుచు అని ఉందిగా, తీతు 1:6లో అవిధేయులు కాని పిల్లలు అని కూడా ఉంది, దాన్నెలా దాటేస్తారు? ఏలీ సంగతి మర్చిపోయారా?" అన్నారు. దాటెయ్యట్లేదన్నా. యాజకుడైన ఏలీ మీద 1 సమూయేలు 3:13లో ఉన్న నేరం కొడుకులు చెడ్డవాళ్ళవడం ఒక్కటే కాదు, తెలిసి కూడా "వారిని అడ్డగించలేదు" అని. అదే పుస్తకం ఎనిమిదో అధ్యాయానికి వస్తే సమూయేలు ప్రవక్త కొడుకులు లంచాలు తిన్నారు, జనం ఆయన మొహం మీదే ఆ మాట అన్నారు, అయినా దేవుడు ఆయన్ని పక్కన పెట్టలేదు, సౌలుని రాజుగా అభిషేకించే పని కూడా ఆయనకే ఇచ్చాడు. కాబట్టి అయ్యగారు కొడుకు తప్పుల్ని కప్పిపుచ్చారా, సంఘం డబ్బుతో అప్పులు తీర్చారా అని అడగండి, తప్పకుండా అడగాలి. అలాంటిదేమీ లేనప్పుడు ఈ వచనంతో మనిషిని కొట్టడం నాకు అన్యాయంగానే కనిపిస్తోంది. కొన్నాళ్ళు సెలవిచ్చి, అబ్బాయిని డీఅడిక్షన్‌లో చేర్చడానికి తోడు వెళ్ళుంటే ఆ ‘విసారిప్పు’ మనమే చేసినట్టుండేది కదా.

నాకు తెలియాల్సింది ఇంకొకటుంది. మనం వాడే తెలుగు బైబిల్ కన్నా పాత అనువాదాలు ఎవరి దగ్గరైనా ఉంటే 1 తిమోతి 3:5, లూకా 10:34 ఉన్న పేజీలు ఫోటో తీసి పెట్టండి. రెండు చోట్లా ఒకే మాట వాడిన అనువాదం ఉందేమో చూడాలని ఉంది.