పడిపోయే పెద్దవాళ్లకి రక్తం పలచబడే మందు వాడొచ్చా?

కృష్ణాతీరం: నాన్నగారికి 81 ఏళ్లు. ఈసీజీలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పే జబ్బు) బయటపడింది. బీపీ, షుగర్ ఎప్పట్నుంచో ఉన్నాయి. డాక్టరుగారు రక్తం పలచబడే మందు అపిక్సాబాన్ 5 మి.గ్రా. రెండు పూటలా రాశారు. బాబాయేమో "నడకే తడబడుతోంది, పడితే మెదడులో బ్లీడింగ్ అవుతుంది. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్ర) చాలు, లేదా సగం మాత్ర వేయండి" అంటున్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

సీతయ్య67: మీ బాబాయి మాటే నాదీ. మా వీధిలో ఒకాయన ఇలాంటి మందు వాడుతూ బాత్రూంలో జారిపడితే తలకి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది.

పాత ఫార్మసిస్టు: ఆయన సంగతి వీధంతా చెప్పుకుంటుంది సీతయ్యగారూ. మందు లేక పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లనేమో "వయసైపోయింది" అని వదిలేస్తాం. ఈ జబ్బులో గుండె పైగదులు సరిగా ముడుచుకోవు. ఎడమ పైగదికున్న చిన్న సంచిలో రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ మెదడుకి చేరితే స్ట్రోకే. దీన్ని ఆపడంలో ఆస్పిరిన్ బలహీనం. 2011లో వచ్చిన అవెర్రోస్ అధ్యయనంలో వార్ఫరిన్ అనే పాత రకం రక్తం పలచబడే మందు పనికిరాదనుకున్న 5,599 మందిని చూశారు. స్ట్రోకు, ఇతర చోట్ల గడ్డలు కలిపి ఏడాదికి ఆస్పిరిన్‌తో 3.7 శాతం, అపిక్సాబాన్‌తో 1.6. పెద్ద రక్తస్రావాలు 1.2, 1.4. ఇక ఎకోస్ప్రిన్ సేఫ్ ఎలా అవుతుంది?

సీతయ్య67: వాళ్ల సగటు వయసు 70. ఈయనకి 81!

పాత ఫార్మసిస్టు: న్యాయమైన ప్రశ్నే. జపాన్‌లో 80 దాటి, మామూలు డోసు తట్టుకోలేరనుకున్నవాళ్లకి అపిక్సాబాన్ కోవలోదే అయిన ఎడోక్సాబాన్ 15 మి.గ్రా. ఇచ్చి చూశారు, 2020లో ఫలితాలొచ్చాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో ఏడాదికి స్ట్రోకు, ఇతర చోట్ల గడ్డలు కలిపి 6.7 శాతం, మందు వేసుకున్నవాళ్లలో 2.3. పెద్ద రక్తస్రావాలు మాత్రం 1.8కి బదులు 3.3. అయినా నేనైతే మందే వేసుకుంటాను. అపిక్సాబాన్ డోసు సగం చేయాలంటే వయసు 80 లేదా ఎక్కువ, బరువు 60 కిలోలు లేదా తక్కువ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.5 లేదా ఎక్కువ, వీటిలో రెండుండాలి. భయంతో సగం చేస్తే రక్షణ తగ్గుతుంది.

పాలమూరు నర్సు: రుమాటిక్ జబ్బుతో (కీళ్ల జ్వరం వల్ల వచ్చేది) గుండెలోని మైట్రల్ వాల్వు ఇరుకైనవాళ్లు ఇది చదివి ఎసిట్రామ్ (వార్ఫరిన్ లాంటి పాత రకం మందు) మానేయకండి. 2022 ఇన్‌విక్టస్ అధ్యయనంలో రుమాటిక్ గుండెజబ్బువాళ్లకి అపిక్సాబాన్ కోవలోని రివరాక్సబాన్ కంటే పాత రకం మందుతోనే మరణాలు తక్కువ. ఎకో (గుండె స్కాన్) చేయించారా?

కృష్ణాతీరం: చేయించాం, వాల్వులు బాగున్నాయి. బరువు 64, క్రియాటినిన్ 1.1. అంటే డాక్టరుగారు రాసిన డోసే సరైనదన్నమాట. బాబాయికి ఈ లెక్కలు చూపిస్తాను.

సీతయ్య67: చూపించండి. నా అనుమానం పూర్తిగా పోలేదు గానీ, ముందు బాత్రూంలో పట్టుకోడానికి రాడ్లు వేయించండి.