అప్‌డేట్: ఎంజీ సైబర్‌స్టర్ నడిపి వచ్చాను

75 లక్షలకి సైబర్‌స్టర్ (ఎంజీ వాళ్ల రెండు సీట్ల ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కారు) తీసుకోవచ్చా, డిజైన్ ఆ రేటుకి తగ్గట్టు ఉందా అని అడిగాను కదా, సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్ అండి. హైదరాబాద్‌లో టెస్ట్ డ్రైవ్ అయింది. ముందు వైపు మాత్రం అదిరిపోయింది, పొడుగాటి బానెట్, కిందకి వాలిన ముక్కు, 1962లో వచ్చిన ఎంజీ వాళ్ల పాత స్పోర్ట్స్ కారు ఎంజీబీ గుర్తొస్తుంది. వెనక్కి వెళ్లి చూస్తే మనసు విరిగిపోయింది, ఆ బాణం గుర్తు టెయిల్ ల్యాంపులు అంత అందమైన బాడీ మీద తెచ్చి అతికించినట్టున్నాయి, ఎన్నిసార్లు చూసినా అలవాటు కాలేదు. లోపలైతే డ్రైవర్ ముందు మూడు స్క్రీన్లు పెట్టారు, పక్క రెండిట్లో సగం స్టీరింగే కప్పేస్తుంది, ఇంత డబ్బు తీసుకుని ఇది చూసుకోకపోతే ఎలా?

510 పీఎస్ పవర్, 3.2 సెకన్లలో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం, స్పీడ్‌కి వంక పెట్టలేం. కానీ దాదాపు రెండు టన్నుల బరువు, మలుపు తిప్పగానే తెలిసిపోతుంది, రోడ్‌స్టర్ (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు) అంటే తేలిగ్గా ఉండాలి కదా. ఈ పవర్‌కి ఈ రేటు తక్కువే అన్నవాళ్ల మాట నిజమే, ఇలాంటిదే బీఎండబ్ల్యూ జడ్4 అయితే ఇంకా ఎక్కువ పెట్టాలి. అయినా బుక్ చేయట్లేదు, ఫేస్‌లిఫ్ట్‌లో ఆ వెనక భాగం మారిస్తే మళ్లీ చూస్తా.