నాటు మార్పు చేపల్లో (మాగుర్) ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ సంకరాన్ని గట్టునే పట్టుకోవడం ఎలా?

గోదావరి పరీవాహకంలో మీసాల చేపల జాబితా రాస్తున్నాం. వాలుగతో పేచీ లేదు, నోరు కంటిని దాటి వెనక్కి చీలి ఉంటుంది. ఇంగిలాయికి వీపు రెక్క చిన్నది. చిక్కంతా మార్పు చేపతోనే. దేశంలో ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకంపై 2000 నుంచి నిషేధం ఉన్నా, చెరువులు పొంగినప్పుడు అది కాలువల్లో పడుతోంది. నాటు మార్పుతో కలిసి పుట్టిన సంకరాన్ని నాటు చేపగా లెక్కిస్తే, అసలే అంతరించే ముప్పున్న జాతి క్షేమంగా ఉన్నట్టు తప్పుడు లెక్క తేలుతుంది.

మొదటి మొప్ప కమాను లోపలి వైపు దువ్వెన పళ్లలా ఉండే ముళ్లను లెక్కపెడుతున్నాం. ఆఫ్రికన్ చేపలో అవి 24 నుంచి 110 దాకా ఉంటాయి, వయసుతో పెరుగుతాయి. అందుకే పిల్లల్లో ఈ లెక్క నమ్మలేం. సంకరాల్లో ఏ సంఖ్య దగ్గర గీత గీస్తున్నారు? తల వెనక ఎముక ఆకారం తోడవుతుందా?

డీఎన్‌ఏ పరీక్ష కోసం రెక్క ముక్కలను 95 శాతం ఇథనాల్‌లో వేసి, మర్నాడు ద్రవం మారుస్తున్నాం. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది కాబట్టి వాడటం లేదు. జాతిని గుర్తించడానికి వాడే సీవోఐ జన్యువు (మైటోకాండ్రియాలోది) తల్లి వైపు నుంచే వస్తుంది, తండ్రి ఎవరో చెప్పదు. ఈ రెండు జాతులకూ పనిచేసిన కేంద్రక మార్కర్ (తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే కణకేంద్రక డీఎన్‌ఏలోని గుర్తు), దాన్ని పీసీఆర్‌లో నకళ్లు తీయడానికి ప్రైమర్లు (చిన్న డీఎన్‌ఏ ముక్కలు), అవి అతుక్కునే ఎనీలింగ్ ఉష్ణోగ్రత తెలిసినవారు దయచేసి చెప్పండి.